షో మధ్యలో సలహాలు: సౌండ్ ఇంజనీర్ నెగ్గుకురావడం ఎలా?

"పాట మధ్యలో ఎవరో వచ్చి భుజం తట్టి 'అన్నా, కొంచెం బేస్ పెంచు' అంటే ఏం చేయాలి?" లైవ్ సౌండ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు కంప్రెసర్ (శబ్దపు హెచ్చుతగ్గుల్ని అదుపుచేసే పరికరం) గురించి ఎన్నిసార్లు అడుగుతారో దీని గురించీ అన్నిసార్లు అడుగుతున్నారు. కొందరు కోపంగా, కొందరు భయంభయంగా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. వచ్చినవాళ్లు చెప్పేదాంట్లో రెండు ముక్కలుంటాయి. వాళ్లకు ఏం వినిపిస్తోందన్నది ఒకటి, మీరు ఏం చేయాలన్నది ఇంకొకటి. మొదటిది దాదాపు ఎప్పుడూ నిజమే, కనీసం వాళ్లు కూర్చున్న చోట. రెండోది చాలాసార్లు తప్పు. కడుపునొప్పి అన్న పేషెంట్ మాట డాక్టర్ నమ్మాలి గానీ, ఫలానా మాత్ర రాయమంటే రాయక్కర్లేదు కదా. కింద చెప్పేదంతా ఈ రెండు ముక్కల్నీ విడదీసే పద్ధతే.

కావలసినవి

- మిక్సర్ చుట్టూ కాస్త అడ్డు. రెండు స్టాండ్ల మధ్య తాడు కట్టినా, ఖాళీ రోడ్ కేసులు (సామాను మోసే పెట్టెలు) అడ్డం పెట్టినా చాలు.
- వీలైతే ఒక సహాయకుడు. సౌండ్ తెలియకపోయినా ఫర్వాలేదు, ఓపిక ఉండాలి.
- మిక్సర్‌ను వైఫై మీద నడిపే టాబ్లెట్. అనలాగ్ మిక్సర్ అయితే ఇది లేకుండానే నడుస్తుంది, దాని సంగతి కింద చెబుతాను.
- సౌండ్ లెవెల్ మీటర్.
- చిన్న నోట్‌బుక్, పెన్ను, టార్చ్.
- పంచిపెట్టడానికి నాలుగైదు జతల ఇయర్‌ప్లగ్‌లు.

1. ఆఖరి మాట ఎవరిదో ముందే తేల్చుకోండి

షోకు ముందే నిర్వాహకుల్ని అడగండి: "సౌండ్ విషయంలో ఎవరు చెబితే నేను మార్చాలి?" ఒక్క పేరే కావాలి. రెండు పేర్లు చెప్పారనుకోండి, "వాళ్లిద్దరూ చెరో మాట అంటే ఎవరిది వినాలి?" అని అక్కడే అడిగేయండి. అప్పుడు మొహమాటపడితే ఆ గొడవ షో మధ్యలో మీ నెత్తిన పడుతుంది.

బ్యాండ్ తరఫున కూడా ఒకరుండాలి. అయితే వాళ్ల మాట స్టేజీ మీది మానిటర్లకే (వాయించేవాళ్లు తమను తాము వినే స్పీకర్లు) పరిమితం. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఎలా వినిపిస్తోందో స్టేజీ మీద నిలబడి చెప్పడం ఎవరి తరమూ కాదు.

చిన్న షోల్లో ఆ ఒక్క మనిషీ ఎప్పుడూ అటూ ఇటూ పరుగులు పెడుతుంటాడు. అలాంటప్పుడు ఫోన్ నంబర్ తీసుకుని, చెప్పాల్సింది మెసేజ్‌లో పెట్టమనండి. టైప్ చేయాల్సి వచ్చేసరికి సగం సలహాలు వాటంతటవే తగ్గిపోతాయి.

2. సౌండ్ చెక్‌లో హాలంతా నడవండి

మిక్సర్ దగ్గరే నిలబడి బ్యాలెన్స్ చేసుకుంటే ఆ ఒక్క చోటే బాగుంటుంది. బ్యాండ్ ఒక పాట వాయిస్తుండగా ముందు వరస, రెండు పక్కల చివర్లు, వెనక గోడ, బాల్కనీ కింద భాగం తిరిగి రండి. తేడా ఉన్నచోట నోట్‌బుక్‌లో రాసుకోండి: "ఎడమ చివర: ట్రెబుల్ లేదు." "వెనక గోడ: బేస్ గుమ్మంటోంది." తర్వాత అక్కడినుంచి ఎవరైనా వస్తే, వాళ్లు నోరు తెరవకముందే సగం విషయం మీకు తెలిసి ఉంటుంది.

ఒక హెచ్చరిక. జనం నిండితే హాలు మారిపోతుంది. మనుషులు, వాళ్ల బట్టలు పై ఫ్రీక్వెన్సీలను బాగా పీల్చుకుంటాయి, గోడల ప్రతిధ్వనీ తగ్గుతుంది. ఖాళీ హాల్లో కాస్త పదునుగా అనిపించినది జనం వచ్చాక సరిపోవచ్చు.

3. పది సెకన్లు ఇవ్వండి, కళ్లు స్టేజీ మీదే ఉంచండి

మనిషి వచ్చి నిలబడితే చూడనట్టు నటించొద్దు. నటిస్తే గొంతు పెంచుతారు, తర్వాత చెయ్యి వేస్తారు. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపి, కాస్త వంగి, చూపు మాత్రం స్టేజీ మీదే ఉంచి వినండి. సరిగ్గా అప్పుడే సోలో రాబోతుంటే అరచెయ్యి ఎత్తి "ఒక్క నిమిషం" అనండి. ఎవరూ నొచ్చుకోరు.

వాళ్ల చేతిలో గ్లాసు ఉంటే మాట వినడానికంటే ముందు దాన్ని దూరంగా పెట్టించండి. ఫేడర్ల (మిక్సర్ మీద వాల్యూమ్ జరిపే మీటలు) మీద ఒలికితే షో అక్కడితో సరి.

4. ఒకే ప్రశ్న అడగండి: "ఎక్కడ కూర్చున్నారు?"

"ఎందుకలా అనిపించింది?" అని అడగొద్దు, అది వాదనకు ఆహ్వానం. "ఎక్కడ కూర్చున్నారు?" అన్నదాంట్లో గౌరవం ఉంది, మీకు పనికొచ్చే సమాచారమూ ఉంది. చాలామంది చేయి చూపించేసి, అక్కడితో కాస్త చల్లబడతారు కూడా. రెండో ప్రశ్న అవసరమైతే: "మొదటినుంచీ ఇలాగే ఉందా, ఈ పాటకేనా?"

5. మాట వెనకున్న సమస్య పట్టుకోండి

అసలు పనంతా ఇక్కడే ఉంది. తరచూ వినిపించే మాటలూ, వాటి వెనక ఉండేదీ ఇదిగో.

*"పాడేవాళ్ల గొంతు వినబడట్లేదు."* ముందు వరసవాళ్లు అంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. స్పీకర్లు రెండు పక్కల, వాళ్లను దాటి వెనక్కి చూస్తుంటాయి. వాళ్లకు నేరుగా వినిపించేది డ్రమ్స్, గిటార్ యాంప్. వోకల్ ఫేడర్ ఎంత పెంచినా వాళ్లకు పెద్దగా తేడా ఉండదు, మిగతా హాలంతటికీ గొంతు పొడుచుకొస్తుంది. స్టేజీ అంచున రెండు చిన్న ఫ్రంట్ ఫిల్ స్పీకర్లు పెట్టి, వాటిలో గొంతుల్నే ఎక్కువగా పంపాలి. అవి లేకపోతే గిటార్ యాంప్‌ను పక్కకు తిప్పించి, ఓ గీత తగ్గించమని అడగండి.

హాలు మధ్యలో కూర్చున్నవాళ్లు అదే మాట అంటే ముందు కీబోర్డ్, గిటార్లలో 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 2, 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి. మాట స్పష్టత చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉంటుంది, అందరూ అక్కడే తోసుకుంటున్నారు. ఇంకో సంగతి: పాడేవాళ్లు మైక్‌ను ఛాతీ దగ్గరకు దించేశారేమో చూడండి. నోటికీ మైక్‌కూ దూరం రెండింతలైతే సుమారు 6 డెసిబెల్స్ పోతాయి. దాన్ని మిక్సర్‌తో పూడ్చబోతే మైక్ కూస్తుంది. మైక్ దగ్గరగా పట్టుకోమని స్టేజీకి కబురు పంపడమే మందు.

*"బేస్ లేదు." "బేస్ ఎక్కువైంది."* ఈ రెండు మాటలూ ఒకే పాటకు, ఒకే నిమిషంలో రావచ్చు. రెండూ నిజమే. సబ్‌లు (బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకర్లు) ఎడమ కుడి పెడితే హాలు మధ్య గీత పొడుగునా బేస్ కలిసి బలంగా ఉంటుంది. కాస్త పక్కకు జరిగితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గోడల దగ్గర, మూలల్లో మళ్లీ పేరుకుంటుంది. కాబట్టి ఒక్కరి మాట విని సబ్ ఫేడర్ ముట్టుకోకండి. మధ్యలోంచీ పక్కల్లోంచీ ఒకే మాట వస్తేనే కదపండి. షో మొదలుకాకముందు నెమ్మదిగా పాటలు పెట్టినప్పుడు "బేస్ లేదు" అంటే అసలు పట్టించుకోనక్కర్లేదు. తక్కువ వాల్యూమ్‌లో మన చెవులకు బేస్ తక్కువగానే వినిపిస్తుంది. షో లెవెల్‌కు వచ్చేసరికి అదే వినబడుతుంది.

*"సౌండ్ మరీ ఎక్కువగా ఉంది."* దీన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. మొదట మీటర్ చూడండి. వేదికలు, ఈవెంట్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 15 నిమిషాల సగటు, ఎ-వెయిటింగ్‌లో (మన చెవి వినే తీరుకు తగ్గట్టు కొలిచే పద్ధతి), 100 డెసిబెల్స్ దాటకూడదు. పనిచేసే చోట్ల వినికిడి రక్షణకు అమెరికా సంస్థ నియోష్ చెప్పే లెక్క 8 గంటలకు 85 డెసిబెల్స్. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. మీరు రోజూ అక్కడ నిలబడే మనిషి, ఈ లెక్క మొదట మీకే.

మీటర్ మామూలుగానే ఉండి జనం చెవులు మూసుకుంటున్నారంటే సమస్య వాల్యూమ్ కాకపోవచ్చు. 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య మన చెవి అన్నిటికంటే సున్నితం. మాస్టర్ (మొత్తం వాల్యూమ్) దించే ముందు అక్కడ 2, 3 డెసిబెల్స్ కోసి చూడండి, హాలంతా ఊపిరి పీల్చుకున్నట్టుంటుంది. ఫిర్యాదు చేసినవాళ్లు స్పీకర్ ఎదురుగానే నిలబడి ఉంటే, చోటు మారమని మర్యాదగా చెప్పి ఒక జత ఇయర్‌ప్లగ్‌లు ఇవ్వండి. ఆరుబయట ఒక స్పీకర్ నుంచి దూరం రెండింతలైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని వచ్చినవాళ్లను మాత్రం ఇయర్‌ప్లగ్‌లతో సరిపెట్టకుండా వెనక్కి పంపించండి.

*"మాట అర్థం కావట్లేదు."* పాటకు పెట్టిన రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) మాట్లాడేటప్పుడూ వదిలేశారేమో చూసుకోండి. పదింట ఏడెనిమిది సార్లు ఇదే. ఎఫెక్ట్స్‌కు ఒక మ్యూట్ బటన్ కేటాయించి, యాంకర్ మైక్ తీసుకోగానే నొక్కడం అలవాటు చేసుకోండి. అది కాకపోతే వెనక పెట్టిన డిలే స్పీకర్ల (ముందు స్పీకర్ల శబ్దంతో కలిసేలా కాస్త ఆలస్యంగా పలికేవి) టైమింగ్ చూడండి. 20 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. ముందు స్పీకర్లకు 30 మీటర్ల వెనకున్నదానికి 87 మిల్లీసెకన్ల డిలే లేకపోతే వెనకవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లు ఈ మాట అంటే హాల్లో ఇండక్షన్ లూప్ (శబ్దాన్ని నేరుగా ఆ యంత్రానికి పంపే తీగ ఏర్పాటు) ఉందేమో, దానికి మీ మిక్సర్ నుంచి సిగ్నల్ వెళ్తోందేమో వెంటనే చూడండి. అన్ని ఫిర్యాదుల్లో నేను మొదట పరిగెత్తేది దీనికే. వాళ్లు రెండోసారి వచ్చి అడగరు, లేచి వెళ్లిపోతారు.

*"మావాడి గిటార్ వినబడట్లేదు."* బంధువులు, స్నేహితులు. వాళ్ల చెవి ఒక్క వాయిద్యం కోసమే వెతుకుతుంది. ఆ ఛానల్‌ను హెడ్‌ఫోన్‌లో సోలో చేసి, అంటే అదొక్కటే వచ్చేలా పెట్టి, వినండి. సిగ్నల్ వస్తోంది, మిక్స్‌లో ఉంది అంటే చిరునవ్వు నవ్వి "చూస్తాను" అనండి. సిగ్నలే రాకపోతే అడిగినవాళ్లకు దండం పెట్టాలి, ఊడిన కేబుల్ మీకంటే ముందు వాళ్లే పట్టుకున్నారు.

హెచ్చరిక: "స్పీకర్ దగ్గర కాలిన వాసన వస్తోంది", "ఆ టవర్ ఊగుతోంది", "మైక్ ముట్టుకుంటే షాక్ కొట్టింది". వీటికి ఎదురు ప్రశ్నలు వేయకండి. షాక్ అంటే ఆ మైక్‌నూ గిటార్‌నూ ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా స్టేజీ కరెంట్ ఆపించి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. "హమ్ (గుయ్‌మనే శబ్దం) పోతుంది, ఎర్త్ పిన్ తీసెయ్యి" అనే సలహా కూడా ఎవరో ఒకరు ఇస్తారు. అది ఎవరిచ్చినా చేయొద్దు, ప్రాణాలు పోతాయి.

6. అక్కడికి వెళ్లి వినండి

టాబ్లెట్ పట్టుకుని ఆ సీటు దాకా నడవండి. అరనిమిషం చాలు. జనం నిండాక వందల ఫోన్లతో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఉక్కిరిబిక్కిరవుతుంది, కాబట్టి మీ రూటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక టాబ్లెట్ మీది మీటర్లు కదులుతున్నాయో లేదో చూశాకే ఫేడర్ ముట్టుకోండి. కనెక్షన్ తెగి ఉంటే మీరు వేలితో జరిపింది బొమ్మనే.

అనలాగ్ మిక్సర్ అయితే నిలకడగా నడిచే పాటలో సహాయకుణ్ని ఫేడర్ల దగ్గర నిలబెట్టి మీరు వెళ్లండి. ఒక్కరే ఉంటే ఉన్నచోటినుంచే నాలుగడుగులు అటూ ఇటూ వేయండి. అదీ కుదరకపోతే పాట అయ్యేదాకా ఆగండి.

7. ఒక్కటే మార్చండి, కొంచెమే మార్చండి

మార్చే ముందు సీన్ (అప్పటి సెట్టింగులన్నీ) సేవ్ చేయండి. అనలాగ్ అయితే ఫోన్‌తో ఒక ఫోటో తీస్తే చాలు. 1 డెసిబెల్ మార్పు జనానికి తెలియదు, 3 తెలుస్తుంది, 10 అయితే రెండింతలైనట్టుంటుంది. కాబట్టి 2, 3తో మొదలుపెట్టండి. పెంచడం కంటే అడ్డొస్తున్నదాన్ని తగ్గించడమే ఎక్కువసార్లు పనిచేస్తుంది.

గెయిన్ నాబ్ (మిక్సర్‌లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచేది) మాత్రం షో మధ్యలో ముట్టుకోకండి. దాన్ని పెంచితే మానిటర్లకు వెళ్లేదీ పెరుగుతుంది, మరుక్షణం స్టేజీ మీద కూత మొదలవుతుంది. ఫేడర్ ఉన్నది ఇందుకే.

8. తిరిగి చెప్పండి

మార్చినా మార్చకపోయినా ఆ మనిషివైపు చూసి ఒకసారి తలూపండి. మార్చలేనిదైతే ఒక్క వాక్యంలో కారణం చెప్పండి: "మీ సీటు స్పీకర్ పక్కన పడింది సార్, నాలుగు వరసలు వెనక్కి వస్తే బాగుంటుంది." కారణం రెండో వాక్యంలోకి వెళ్లిందంటే అది లెక్చర్ అయినట్టే, ఆపేయండి.

9. వదలని మనిషి వస్తే

"నేనూ సౌండ్ చేశాను", "నాకు ఇంట్లో ఇంతకంటే మంచి సిస్టమ్ ఉంది", "ఆ నాబ్ తిప్పు, నేను చూపిస్తా". వీళ్లతో వాదించి ఎవరూ గెలవలేదు. మొదటిసారి వినండి. రెండోసారి 1వ మెట్టులో తేల్చుకున్న పేరు చెప్పండి: "వారితో చెప్పండి అన్నా, ఆయన చెబితే వెంటనే మారుస్తాను." మూడోసారి సహాయకుడు మధ్యలోకి రావాలి. చెయ్యి మిక్సర్ మీదికి వస్తే మాత్రం మర్యాద పక్కన పెట్టి, చెయ్యి అడ్డం పెట్టి సెక్యూరిటీని పిలవండి. తాగి ఉన్నవాళ్లకూ అంతే.

ఉత్తుత్తి ఫేడర్ సంగతి

దేనికీ కనెక్ట్ చేయని ఒక ఫేడర్‌ను సలహాదారు ఎదుట కొంచెం పైకి జరిపి, "ఇప్పుడెలా ఉంది?" అని అడగడం ఈ రంగంలో పాత జోక్. "ఆఁ, ఇప్పుడు బాగుంది!" అంటారు. నిజంగానే అంటారు, ఎందుకంటే మారుతుందని ఎదురుచూసే చెవికి మారినట్టే వినిపిస్తుంది. ఇంజనీర్ల చెవులేమీ దీనికి మినహాయింపు కాదు, బైపాస్‌లో ఉన్న, అంటే పనిచేయని, ఈక్యూను (ఫ్రీక్వెన్సీలు పెంచి తగ్గించేది) శ్రద్ధగా సరిచేసేవాళ్లు ఎందరో.

వాడొచ్చా? నేనైతే వద్దంటాను. ముందు వరసలో నిజంగానే గొంతు వినబడకపోతే మీ ట్రిక్ వల్ల ఆ సమస్య అలాగే ఉంటుంది, చెప్పే మనిషి మాత్రం వెళ్లిపోతాడు. పైగా నిర్వాహకుడి మీదో, బ్యాండ్ వాళ్ల మీదో వాడి దొరికిపోతే, ఆ తర్వాత మీరు నిజంగా మార్చినా నమ్మరు. దాని బదులు "ఈ పాట అవ్వగానే చూస్తాను" అనండి. అది అబద్ధం కాదు, అంతే బాగా పనిచేస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే పెద్దది ఒకటి పెంచి, దానికోసం ఇంకోటి పెంచి, గంట తిరిగేసరికి మొత్తం లెవెల్ 5, 6 డెసిబెల్స్ పైకి ఎక్కించేయడం. దాదాపు ప్రతి సలహా "పెంచు" అనే వస్తుంది, "తగ్గించు" అనేవాళ్లు తక్కువ. అందుకే మొదటి పాటలో మీటర్ ఎంత చూపించిందో రాసిపెట్టుకోండి.

ఆఖరున వచ్చినవాళ్ల మాటే వినడం ఇంకోటి. ఎడమవైపు వాళ్లు చెప్పింది చేసి, కుడివైపు వాళ్లు వచ్చాక దాన్ని తిరగేసి, చివరికి ఎవరికీ నచ్చని చోట ఆగుతారు.

ప్రేక్షకులు ఫోన్ యాప్ చూపించి "ఇదిగో 112" అంటే కంగారుపడకండి. క్యాలిబ్రేట్ చేయని ఫోన్ మైక్ పెద్ద శబ్దాల దగ్గర నమ్మదగ్గది కాదు. పైగా అది ఒక్క క్షణపు పీకా, సగటా, ఏ వెయిటింగో ఆ అంకెలో ఉండదు. మీ మీటర్ సగటు చూసుకోండి. మీ దగ్గర ఉన్నదీ ఫోన్ యాప్ మాత్రమే అయితే వాదించకుండా 2 డెసిబెల్స్ దించండి.

మానిటర్ మిక్స్‌ను ప్రేక్షకుల మాట విని మార్చకండి. అది పాడేవాళ్ల సొత్తు.

ఇక హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరూ పలకరించకుండా దాక్కోవడం. పది నిమిషాలు అలా ఉంటే హాల్లో ఏం జరుగుతోందో మీకే తెలియదు.

సరిచూసుకోవడం

మార్పు చేశాక రెండు పాటలు ఆగి అదే మనిషి ముఖం చూడండి. వంగి పక్కవాళ్లతో మాట్లాడటం మానేసి స్టేజీ చూస్తుంటే పని అయినట్టే. దూరం దూరంగా ఉన్న ముగ్గురు ఒకే మాట అంటే తప్పు మిక్స్‌లో ఉంది. ఒక్కరే అంటే సీటులో.

షో రెండో సగంలో వచ్చే "కీచుగా ఉంది" అన్న ఫిర్యాదుకు ఎక్కువ విలువ ఇవ్వండి. గంటలకొద్దీ పెద్ద శబ్దం విన్న చెవి కొంతసేపు మొద్దుబారుతుంది, పై ఫ్రీక్వెన్సీలు తగ్గినట్టనిపించి మీరు తెలియకుండానే ట్రెబుల్ పెంచుతూ పోతారు. అప్పుడే లోపలికొచ్చిన మనిషి చెవి మీదానికంటే తాజాగా ఉంటుంది. విరామంలో పది నిమిషాలు బయటికి వెళ్లి రండి.

మిక్సర్ నుంచి రికార్డ్ చేసింది విని "హాల్లో బాగానే ఉంది" అనుకోకండి. చిన్న హాల్లో డ్రమ్స్ గట్టిగానే ఉంటాయి కాబట్టి మిక్సర్‌లో వాటిని తక్కువ పెడతారు. రికార్డింగ్‌లో డ్రమ్స్ వెనక్కిపోయి, గొంతు ముందుకొచ్చి ఉంటుంది. అదీ ఇదీ వేరు. జనం మధ్య పెట్టిన చిన్న రికార్డర్ అయితే కాస్త నిజం చెబుతుంది.

షో అయ్యాక నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాయండి: ఏ సీటు, ఏం అన్నారు, మీరు వెళ్లి విన్నప్పుడు ఏం వినిపించింది. మళ్లీ అదే హాలుకు వెళ్లినప్పుడు ఫ్రంట్ ఫిల్ ఎక్కడ పెట్టాలో, సబ్‌లు ఎటు జరపాలో ఆ పేజీ చూసి నిర్ణయించుకోవచ్చు.